ఆపరేషన్ చేయిస్తే మా రాకీకి చూపొస్తుందా?

రాజమండ్రి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని విషయం ఇది.

వాళ్లింట్లో రాకీ అనే మగ లాబ్రడార్ ఉంది. ఏడేళ్లు దాటాయి. అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు పట్టుబట్టి తెచ్చుకున్న కుక్కపిల్ల. ఇప్పుడు అమ్మాయి బెంగళూరులో ఉద్యోగంలో ఉంది, రాకీ అమ్మానాన్నల దగ్గర ఉండిపోయాడు. ఆరు నెలల కిందట వాడి రెండు కంటిపాపల్లోనూ తెలుపు కనిపించింది. పువ్వు వేసిందనుకుని ఎవరో చెప్తే తేనె వేశారు. తర్వాత ఒక మందుల షాపులో 'శుక్లం కరిగించే చుక్కలు' అని ఇస్తే మూడు నెలలు వాడారు. తెలుపు పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇప్పుడు రాకీ గేటుకి గుద్దుకుంటున్నాడు, కుర్చీ జరిపితే దానికి తగులుతున్నాడు.

ఊళ్లో డాక్టరుగారు శుక్లమే అన్నారు, పెద్ద ఊరికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించమన్నారు. ఇంకో ఊళ్లో చూపిస్తే అక్కడి డాక్టరు ముందు మత్తిచ్చి 'ఈఆర్‌జీ' అనే పరీక్ష చేయాలన్నారు. కంటి వెనక వెలుతురుని పట్టే పొర, రెటీనా, పనిచేయకపోతే ఆపరేషన్ దండగ అని ఆయన మాట. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలైంది. "మా అమ్మకి శుక్లం తీయించినప్పుడు ఈ పరీక్షలేవీ లేవు. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసింది. కుక్క అనేసరికి డబ్బు గుంజే వేషాలు" అంటారు భర్త. "ఎంతైనా నేను పంపిస్తా, వెంటనే చేయించండి, విదేశాల్లో జీన్ థెరపీ కూడా ఉందట" అంటుంది అమ్మాయి. మరిదిగారైతే శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ చేయించేస్తే దానికీ బాధ తప్పుతుంది, మీకూ తప్పుతుందన్నారు.

మధ్యలో ఆవిడ ఇంకో రెండు సంగతులు రాశారు. రెండేళ్ల నుంచి కరెంటు పోతే రాకీ మెట్ల కింద నిలబడిపోతాడట, ఎంత పిలిచినా పైకి రాడట. రాత్రిపూట పెరట్లోకి వెళ్లమంటే గుమ్మం దాటడట. ఇంట్లో అందరూ 'పిరికోడు' అని నవ్వేవాళ్లట. రెండోది, రాకీకి పుట్టిన పిల్ల ఒకటి కాకినాడలో ఆడపడుచుగారింట్లో ఉంది, రెండేళ్లది.

చివర్లో ఇలా రాశారు: "మత్తిచ్చాక వాడు లేవకపోతే నేను తట్టుకోలేను డాక్టరుగారూ. అలాగని వదిలేస్తే మా అమ్మాయి నాతో మాట్లాడదు. ఏం చేయమంటారు?"

అమ్మా,

మీ ఉత్తరంలో తేనె గురించీ చుక్కల గురించీ చదివి ముందు కాస్త కోపం వచ్చిన మాట నిజం. మూడో పేజీకి వచ్చి కరెంటు పోయినప్పటి సంగతి చదివాక ఆ కోపం పోయి ఆలోచన మొదలైంది. మీరు దాన్ని నవ్వులాటగా, పోనీ రాద్దాం అన్నట్టు రాశారు. నాకు మొత్తం ఉత్తరంలో ముఖ్యమైన ముక్క అదే.

లెక్క చూడండి. కంట్లో తెలుపు కనిపించింది ఆరు నెలల కిందట. చీకట్లో మెట్లెక్కడం మానేసింది రెండేళ్ల కిందట. మధ్యలో ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నర కళ్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, వెలుతుర్లో బంతి పట్టుకొచ్చాడు, చీకట్లో మాత్రం కదల్లేదు. శుక్లం ఒక్కటే అయితే సాధారణంగా ఈ వరసలో రాదు. మధ్యలో చిన్న శుక్లం ఉన్న కుక్క మసక వెలుతుర్లోనే కొంచెం మెరుగ్గా చూస్తుంది, ఎందుకంటే కంటిపాప పెద్దదై తెలుపు పక్కనుంచి వెలుతురు లోపలికి వెళ్తుంది. రాకీది దీనికి తలకిందులు. మన పెద్దవాళ్లు దీన్ని రేచీకటి అంటారు.

లాబ్రడార్లలో రెటీనా కణాలు మెల్లమెల్లగా చచ్చిపోయే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. మేం పీఆర్ఏ అంటాం. ఇందులో ముందు దెబ్బతినేవి చీకట్లో చూసే కణాలు. పగటి వెలుతుర్లో పనిచేసేవి తర్వాత పోతాయి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, అందుకే ఇంట్లోవాళ్లకి తెలియదు. ఇలా రెటీనా పాడైన కుక్కల్లో చాలావాటికి కొన్నాళ్లకి శుక్లం కూడా వస్తుంది. అప్పుడు అందరి కళ్లూ ఆ తెలుపు మీదే పడతాయి. దాని వెనకున్నది ఎవరికీ కనిపించదు, డాక్టరుకి కూడా. కిటికీ అద్దానికి సున్నం కొట్టేసినట్టన్నమాట, లోపల దీపం వెలుగుతోందో లేదో బయటినుంచి చెప్పలేం.

రాకీకి ఆ జబ్బే ఉందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి ఆ మాట అనే డాక్టరుని మీరు నమ్మకూడదు కూడా. లాబ్రడార్లకి విడిగా వంశపారంపర్యంగా వచ్చే శుక్లాలూ ఉన్నాయి. షుగర్ వల్ల వచ్చేవీ ఉన్నాయి. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా, ఇంట్లో ఉచ్చ పోసేస్తున్నాడా, బాగా తింటూనే చిక్కిపోతున్నాడా అన్నది మీరు రాయలేదు. షుగర్ వచ్చిన కుక్కల్లో ఎక్కువ భాగానికి ఏడాది తిరిగేలోపే శుక్లం వచ్చేస్తుంది, అదీ రెండు కళ్లకీ, అదీ వేగంగా. అందుకని మిగతా ఏ నిర్ణయానికైనా ముందు రేపే మీ ఊళ్లో రక్తంలో షుగర్ చూపించండి. దానికి చెన్నై అక్కర్లేదు, బెంగళూరు డబ్బూ అక్కర్లేదు.

ఇప్పుడు మీవారి మాటకి వద్దాం. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. అత్తగారికి లేని పరీక్ష కుక్కకెందుకు?

అత్తగారికీ చేశారు, ఆయన గమనించి ఉండరు. శుక్లం బాగా ముదిరి వెనక రెటీనా కనిపించనప్పుడు కంటి డాక్టరు ఒక కన్ను మూసి రెండో కంటికి పైనుంచి, కిందనుంచి, కుడినుంచి, ఎడమనుంచి టార్చి వేసి "అమ్మా, వెలుతురు ఎటునుంచి వస్తోంది?" అని అడుగుతారు. ఆవిడ వేలితో సరిగ్గా చూపిస్తే వెనక రెటీనా పనిచేస్తోందని ఒక అంచనా. పైసా ఖర్చులేని పరీక్ష, అర నిమిషంలో అయిపోతుంది. రాకీ వేలు చూపించలేడు. వాడు చెప్పలేడు కాబట్టి వాడి రెటీనానే నేరుగా అడగాలి. ఈఆర్‌జీ అంటే అంతే. పూర్తి పేరు ఎలక్ట్రోరెటినోగ్రామ్. గుండెకి ఈసీజీ ఎలాగో రెటీనాకి ఇది అలాగ. ఇదేం కొత్త కనిపెట్టుడు కూడా కాదు. వెలుతురు పడితే కంట్లో కరెంటు మారుతుందని 1865లోనే స్వీడన్‌లో హోల్మ్‌గ్రెన్ అనే ఆయన కప్ప కంటి మీద చూపించారు.

మీకు మత్తు అన్న మాటతోనే భయం పట్టుకుంది కాబట్టి ఆ గదిలో ఏం జరుగుతుందో ఒకసారి చెప్తాను.

ముందు కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు. తర్వాత రాకీని మామూలుగా మత్తిచ్చి బల్ల మీద పడుకోబెడతారు. కన్ను మొద్దుబారే చుక్క వేసి, కాంటాక్ట్ లెన్సు లాంటి చిన్న గిన్నె ఒకటి కంటి మీద పెడతారు, దానికి సన్నటి వైరు ఉంటుంది. కంటి చివర చర్మం కింద ఒక సన్నటి సూది, తల వెనక ఇంకోటి. ఆ తర్వాత లైటు ఆపేస్తారు. ఇరవై నిమిషాలు చీకటి. మనం మ్యాట్నీకి ఆలస్యంగా వెళ్లినప్పుడు సీటు కనపడక తడుముకుంటాం చూడండి, చీకటి కణాలు మేలుకోడానికి అంత టైము కావాలి కాబట్టి. అప్పుడు సన్నటి మెరుపు ఒకటి, తర్వాత కాస్త పెద్ద మెరుపు. ఆ పైన లైటు వేసి, వెలుతురికి పది నిమిషాలు అలవాటు చేసి, సెకనుకి ముప్ఫై సార్లు మిణుకుమనే వెలుతురు చూపిస్తారు. చీకటి కణాలు ఆ వేగాన్ని అందుకోలేవు, పగటి కణాలు అందుకుంటాయి. అలా రెండు రకాలనీ విడివిడిగా పలకరించినట్టు అవుతుంది.

ప్రతి మెరుపుకీ కంప్యూటర్ మీద ఒక గీత వస్తుంది. బాగున్న రెటీనా అయితే గీత ముందు కొంచెం కిందికి దిగుతుంది, వెంటనే దానికంటే ఎత్తుగా పైకి లేస్తుంది. దిగుడు వెలుతురుని పట్టే కణాలది. లేచేది వాటినుంచి కబురు అందుకున్న లోపలి కణాలది. దాని ఎత్తు మైక్రోవోల్టుల్లో కొలుస్తారు, అంటే వోల్టులో పదిలక్షల వంతుల్లో. అంత చిన్న కరెంటు కాబట్టి పక్కన ఫోన్ ఛార్జర్ ఉన్నా గీత వణుకుతుంది. రెటీనా చచ్చిపోయి ఉంటే కొండలూ లోయలూ ఏవీ ఉండవు, గీత చదునుగా పడుకుంటుంది.

ఒక మాట. ఆ రోజు పరీక్షకి ముందు ఎవరూ ఫ్లాష్ వేసి రాకీ మొహం ఫొటోలు తీయకండి. కంట్లో గట్టి టార్చి కూడా వేయనివ్వకండి. కష్టపడి మేలుకొన్న కణాలు కాసేపు మళ్లీ మొద్దుబారతాయి.

"టార్చి వేస్తే కంటిపాప చిన్నదవుతోంది, అంటే రెటీనా బాగున్నట్టేగా" అని మీ ఊరి డాక్టరుగారు అన్నారని రాశారు. ఆ మాట సగమే నిజం. పాప కుదించుకోవడానికి కొద్దిపాటి రెటీనా మిగిలి ఉన్నా చాలు. పైగా చూపుతో సంబంధం లేని వేరే కణాలు రెటీనాలో ఉన్నాయి, అవి గట్టి నీలం వెలుతురుకి పాపని కుదిస్తాయి. ఎర్ర వెలుతురుకి కదలకుండా నీలానికి మాత్రం కుదించుకుందంటే చూపు కణాల మీద అనుమానపడాలి. అందుకే కొందరు డాక్టర్లు ఎరుపు, నీలం రెండు లైట్లతోనూ చూస్తారు. అదొక మంచి సూచన, ఈఆర్‌జీకి బదులు మాత్రం కాదు.

నేనూ ఈ విషయంలో తప్పు చేసినవాణ్ణే. చాలా ఏళ్ల కిందటి మాట. తొమ్మిదేళ్ల స్పిట్జ్, మనవాళ్లు పామరేనియన్ అంటారే, అది. రెండు కళ్లూ తెల్లగా ముత్యాల్లా ఉన్నాయి. టార్చి వేస్తే పాప కుదించుకుంది. అది చాలనుకుని నేనే ఆపరేషన్‌కి పంపాను. ఆపరేషన్ ముచ్చటగా జరిగింది. పది రోజులకి వాళ్లు మళ్లీ తీసుకొచ్చారు. కళ్లు నల్లగా, తేటగా, కుక్కపిల్ల కళ్లలా మెరుస్తున్నాయి. బల్ల మీదనుంచి దింపితే నేరుగా వెళ్లి తలుపుకి గుద్దుకుంది. ఆ ఇంటాయన ఒక్క మాట అనలేదు. "కళ్లు బాగున్నాయి సార్" అన్నారు, అంతే. ఆ తర్వాత రెటీనా చూడకుండా ఒక్క కుక్కని కూడా శుక్లం ఆపరేషన్‌కి పంపలేదు.

సరే, మీ ముందున్న దారులు చూద్దాం. ముందు ఇంట్లో చేయదగ్గ పని ఒకటి చెప్తాను. అలవాటైన ఇంట్లో కుక్క గుడ్డిదైనా గుద్దుకోకుండా తిరిగేస్తుంది, అందుకే పొరుగింటి వరండా లాంటి కొత్త చోట చేయండి. నాలుగు ప్లాస్టిక్ బకెట్లు అడ్డదిడ్డంగా పెట్టి, అవతలి చివరనుంచి పిలవండి. పగలు ఒకసారి, సాయంత్రం మసక వెలుతుర్లో బకెట్లు జరిపి ఇంకోసారి. ఇంకోటి, వాడి కళ్ల ముందు కాస్త దూరంలో దూది ఉండ వదలండి. దూదికి చప్పుడుండదు, వాసనా అంతగా ఉండదు. చూపుంటే తల కదుపుతాడు. బిస్కెట్ వదిలితే మాత్రం లాబ్రడార్ ముక్కుతో పట్టేస్తాడు, అది పరీక్ష కాదు. ఇవన్నీ ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి. క్లినిక్కులో భయపడ్డ కుక్క సగం చూపు దాచేస్తుంది.

మొదటి దారి పరీక్ష చేయించి ఆ తర్వాత నిర్ణయించుకోవడం. ఈఆర్‌జీతో పాటు కంటికి స్కానింగ్ కూడా అడగండి. శుక్లం వెనక రెటీనా గోడనుంచి ఊడిపోయి ఉంటే స్కానింగ్‌లో కనిపిస్తుంది. స్కాన్ ఆకారం చెప్తుంది, ఈఆర్‌జీ పని చెప్తుంది, రెండూ కావాలి. మత్తు విషయంలో మీ భయాన్ని నేను కొట్టిపారేయను. ప్రమాదం సున్నా అనే డాక్టరు అబద్ధమాడుతున్నట్టే. కానీ ముందుగా రక్తపరీక్ష చేసి, గుండె విని, చెప్పినన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచి ఇచ్చే మత్తు, ఏడేళ్ల ఆరోగ్యమైన కుక్కకి మీరు భయపడుతున్నంత ప్రమాదం కాదు. మీరు అసలు భయపడాల్సింది వాడి బరువుకి. ఉత్తరంలో 43 కిలోలని రాశారు. లాబ్రడార్‌కి అది ఎక్కువ. ఈ నెల రోజులూ పెరుగన్నం తగ్గించండి, అదీ మత్తుకి సాయమే. బుద్ధిగా కూర్చునే కుక్కలకి కన్ను మొద్దుబార్చే చుక్కలతోనే, మత్తు లేకుండా పొట్టి పరీక్ష చేసే చోట్లూ ఉన్నాయి, అడిగి చూడండి. కొన్నిచోట్ల ఆపరేషన్ రోజే, అదే మత్తులో ముందు ఈఆర్‌జీ తీసి, గీత బాగుంటే అలాగే ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. దీనివల్ల ఒక మత్తు తప్పుతుంది. కానీ గీత బాగాలేకపోతే కుట్టు పడకుండానే వెనక్కి తెచ్చుకోవాలి. అందుకు మీ అమ్మాయిని ముందే సిద్ధం చేయాలి, లేకపోతే ఆసుపత్రి వరండాలో ఫోన్ పట్టుకుని ఏడుపులు తప్పవు.

గీత బాగుందనుకోండి. అప్పుడు ఆపరేషన్‌తో రాకీ మళ్లీ చూసే అవకాశం బాగా ఉంటుంది. మీ అత్తగారికి చేసిన పద్ధతే, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పొడి చేసి లాగేయడం. లెన్సు మాత్రం వేరు. మనుషులది పనికిరాదు, కుక్క కంటికి సుమారు 41 డయాప్టర్ల (లెన్సు పవరు కొలత) లెన్సు కావాలి, మనకి పెట్టేదానికి దాదాపు రెట్టింపు. తేడా అంతా ఇంటికొచ్చాకే. అత్తగారు చెప్తే వింటారు, కన్ను నలుపుకోరు. రాకీకి వారాల తరబడి మెడకి గొట్టం లాంటి కాలర్ ఉండాలి. మొదట్లో రోజుకి నాలుగైదు సార్లు చుక్కలు, ఒక్కో మందుకీ మధ్య విరామం. కొన్ని మందులు నెలలు సాగుతాయి. మెడ బెల్టు పట్టి లాగకూడదు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, ఛాతీకి వేసే బెల్టు కొనండి. చూపించుకోడానికి మళ్లీ మళ్లీ ఆ ఊరు వెళ్లాలి. ఇంత చేసినా కొన్ని కుక్కల్లో లోపల వాపు, నీటికాసులు (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, గ్లాకోమా), రెటీనా ఊడటం లాంటివి వస్తాయి, ఏళ్ల తర్వాత కూడా. ఇక్కడ ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. డబ్బు అమ్మాయిది, చుక్కలు వేసే చెయ్యి మీది. మీ మోకాళ్ల నొప్పుల సంగతీ రాశారు. రోజుకి ఐదుసార్లు కిందికి వంగి 43 కిలోల కుక్క తల పట్టుకోగలరా, లేక మొదటి రెండు వారాలు అమ్మాయి సెలవు పెట్టి వస్తుందా, ఈ మాట ఫోన్లో డబ్బు మాట కంటే ముందు తేలాలి.

గీత పడుకుందనుకోండి. అప్పుడు ఆపరేషన్ వద్దు. ఎంత మంచి సర్జన్ చేసినా నా స్పిట్జ్ కథే అవుతుంది. పరీక్ష డబ్బు వృథా అని మీవారు అంటారేమో. ఆపరేషన్ ఖర్చు, నొప్పి, నెలల చుక్కలు తప్పాయి కదా.

ఈ రెంటికీ మధ్యలో పడే గీతే అసలు తలనొప్పి. కొంచెం లేస్తుంది, లేవాల్సినంత లేవదు. మత్తు మందు వల్ల కూడా గీత కొంత తగ్గుతుంది, బాగా ముదిరిన శుక్లమూ కొంత వెలుతురు ఆపుతుంది. అలాంటప్పుడు చీకటి గీత, పగటి గీత విడిగా చూపించమని అడగండి. చీకటి కణాలు పోయి పగటివి మిగిలి ఉంటే అది పీఆర్ఏ మధ్య దశ కావచ్చు. ఆపరేషన్ చేస్తే కొన్నాళ్లు పగటి చూపు వస్తుంది, ఎన్నాళ్లన్నది గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఆ కొన్నాళ్ల కోసం ఇంత శ్రమ పెట్టాలా అన్నది మీ ఇంటి నిర్ణయం. నేనైతే ఏడేళ్ల కుక్కకి చాలాసార్లు ఆగమనే చెప్పాను, ఒకరిద్దరు వినలేదు, వాళ్లు పశ్చాత్తాపపడలేదు కూడా.

రెండో దారి పరీక్షా వద్దు, ఆపరేషనూ వద్దు అనుకోవడం. ఇది పాపమేమీ కాదు. కానీ దీన్ని 'వదిలేయడం' అనుకోకండి. ముదిరిన శుక్లం కంట్లో ఊరికే కూర్చోదు, దాని పదార్థం కారి లోపల వాపు తెస్తుంది, అది నీటికాసులకి దారితీస్తుంది. గుడ్డితనానికి నొప్పి లేదు, నీటికాసులకి ఉంది, తట్టుకోలేనంత ఉంది. అందుకని ఆపరేషన్ లేకపోయినా వాపు తగ్గించే చుక్కలు, కొన్ని నెలలకోసారి కంటి ఒత్తిడి చూడటం తప్పవు. కన్ను ఎర్రబడినా, సగం మూసి ఉంచినా, నల్లగుడ్డు నీలంగా మబ్బు పట్టినా, తిండి మానేసి మూల కూర్చున్నా ఆ రోజే తీసుకెళ్లండి, ఆదివారమైనా సరే. గీత పడుకుని ఆపరేషన్ మానుకున్నా ఇదే పద్ధతి.

పరీక్ష లేకుండా నేరుగా ఆపరేషన్ అన్నది మూడో దారి. మీ అమ్మాయి తొందర అటే లాగుతోంది. కరెంటు పోయినప్పటి కథ లేకపోతే, శుక్లం ముదరకముందే రెటీనా బాగుందని ఎవరైనా చూసి రాసి ఉంటే, దీని గురించి ఇంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు. రాకీ విషయంలో ఆ దారి పట్టకండి.

జీన్ థెరపీ గురించి అమ్మాయి చదివింది అబద్ధం కాదు. 2001లో అమెరికాలో బ్రియార్డ్ అనే జాతి కుక్కపిల్లలకి, ఆర్‌పీఈ65 అనే ఒక జన్యువు లోపంతో పుట్టుకతో చూపులేని వాటికి, కంట్లో మంచి జన్యువు ఎక్కించి చూపు తెప్పించారు. పడుకున్న గీత లేచిందని చూపించడానికి వాళ్లు వాడిందీ ఈఆర్‌జీనే. దాని వెనకే మనుషులకి మందు వచ్చింది, 2017లో అమెరికాలో అనుమతి దొరికింది. కానీ అది ఆ ఒక్క జన్యువుకే. లాబ్రడార్లలో ఎక్కువగా చూసే పీఆర్ఏ వేరే జన్యువుది. రాకీకి వేయించే ఇంజెక్షన్ ఇవాళ ఏ క్లినిక్కులోనూ లేదు. ఈ ముక్క అమ్మాయికి మీరు చెప్తే గొడవవుతుంది, నా జవాబు చూపించండి.

మందుల షాపు చుక్కలు ఆపేయండి. శుక్లాన్ని కరిగిస్తుందని రుజువైన చుక్క లేదు. తేనె సంగతి సరే, ఇక వద్దు.

మరిదిగారి సలహాకి పెద్ద జవాబు అక్కర్లేదు. కుక్క ముందు ముక్కుతో బతుకుతుంది, తర్వాత చెవితో, కన్ను వాటి తర్వాతే. మెల్లగా చూపు పోయిన కుక్కలు ఇంటి పటం తలలో గీసుకుంటాయి. మీ రాకీ రెండేళ్లుగా ఆ పనిలోనే ఉన్నట్టున్నాడు. నొప్పి ఆగకపోతే, తిండి మానేస్తే ఆ ఇంజెక్షన్ మాట మాట్లాడుకోవచ్చు. చూపు లేదన్న ఒక్క కారణానికి కాదు. కుర్చీలూ మంచాలూ చోటు మార్చకండి, నీళ్ల గిన్నె ఎక్కడుండేది అక్కడే ఉంచండి, నిద్రలో ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి.

కాకినాడ పిల్ల సంగతి మీరు అడగలేదు, కానీ నేను చెప్పకుండా ఉండలేను. లాబ్రడార్లలో ఎక్కువగా కనిపించే పీఆర్ఏ రావాలంటే తల్లి, తండ్రి ఇద్దరి దగ్గరనుంచీ చెడ్డ జన్యువు రావాలి. రాకీకి ఆ జబ్బే ఉందని తేలితే ఆ పిల్లకి ఒకటి ఖాయంగా వచ్చి ఉంటుంది. తల్లి దగ్గరా ఉంటే రెండోదీ వచ్చి ఉండొచ్చు. జన్యు పరీక్షకి బుగ్గ లోపలి తుడుపో, కొంచెం రక్తమో చాలు, మత్తు అక్కర్లేదు. రెండేళ్ల వయసులో పైకి ఏమీ కనిపించదు, కాబట్టి తేలేదాకా దాన్ని జత కట్టించవద్దని ఆడపడుచుగారికి చెప్పండి. రాకీని కూడా మళ్లీ జతకి ఇవ్వకండి. ఈ జన్యు పరీక్ష రాకీకి చేయించినా అది ఈఆర్‌జీకి బదులు కాదు. జబ్బు వచ్చే జన్యువు ఉందని అది చెప్తుంది, ఇవాళ రెటీనా ఎంత మిగిలిందన్నది చెప్పదు.

ఈ పేజీ చదివే మిగతావాళ్లకి ఒక పక్కమాట. కళ్లు తేటగా ఉండి, శుక్లం లేకుండా, వారం పదిరోజుల్లో చూపు పోయిన కుక్కలకి కూడా ఇదే పరీక్ష. గీత పడుకుంటే తప్పు రెటీనాలో ఉంది, గీత మామూలుగా ఉంటే తప్పు దాని వెనక, నరంలోనో మెదడులోనో ఉందని అర్థం. అప్పుడు వెతకాల్సిన చోటే మారిపోతుంది. గోమార్లకని ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేయించిన ఒకటి రెండు రోజుల్లో చూపు తగ్గితే ఆ మాట దాచకుండా డాక్టరుకి చెప్పండి, అలాంటి చూపు తిరిగి రావడం చూశాం.

ఎక్కడికి వెళ్లాలని అడిగారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలోనో, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలోనో, చెన్నైలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీలోనో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఈఆర్‌జీ యంత్రం ఇప్పుడు నడుస్తోందా, తీసేది వారంలో ఏ రోజు, మత్తు ఎవరిస్తారు, కుక్కల కంటి లెన్సు దొరుకుతుందా. ఈ నాలుగూ అడక్కుండా బండి కట్టకండి. చెన్నై మీకు దాదాపు 600 కిలోమీటర్లు. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకుంటేనే మీతో ఉంచుకోనిస్తారు, లేకపోతే గార్డు పెట్టె పక్కన బోనులో వేయాలి. చూపు సరిగా లేని కుక్కని ఆ బోనులో నేను వేయను. కారే మేలు, వాడు పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా వెంట తీసుకెళ్లండి.

ఫోన్లు కలిసి, రోజు దొరికేసరికి పదిహేను రోజులైనా పడుతుంది. ఈలోగా మెట్లకి పైనా కిందా ఒక కొబ్బరిపీచు పట్టా వేయండి, కాలికి తగిలితే అంచు వచ్చిందని తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు పైనుంచి పిలవకండి. మీరో మీవారో కిందికి దిగి, పక్కన నిలబడి, ఒక్కో మెట్టుకీ "ఎక్కు" అని ఒకే మాట చెప్పండి. వారంలో నేర్చుకుంటాడు. మెట్టుకో బిస్కెట్ ముక్క పెడితే, లాబ్రడార్ కాబట్టి, మూడు రోజులు చాలు. ముక్క చిన్నదే పెట్టండి, 43 కిలోలన్న సంగతి మరిచిపోకండి.